పాలసీసా మీద ఎర్రగీత గీసిన ఆయమ్మకి

నిన్న సాయంత్రం మా చెల్లి కొడుకు ఇంటికొచ్చాడు. 43 రోజుల తర్వాత. రాత్రంతా వాడి పక్కనే కూర్చున్నాం. కళ్ళు మండుతున్నాయి, అయినా ఇది ఇప్పుడే రాయాలి.

మా చెల్లికీ మరిదికీ ఇద్దరికీ బుద్ధిమాంద్యం ఉంది. చెల్లికి పాలు పడలేదు, పోతపాలే. ఐదో నెల వచ్చినా బాబు బరువు పెరగట్లేదని ఆసుపత్రికి తీసుకెళ్తే, అక్కణ్నుంచి పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ వెళ్ళింది. బాలల సంక్షేమ కమిటీ వాళ్ళు బాబుని శిశుగృహలో పెట్టారు.

ఆయమ్మ మాకు అక్కడే కనిపించింది. సీసా పట్టుకుని వణికిపోతున్న చెల్లి పక్కన వచ్చి కూర్చుంది. తన సంచిలోంచి గోళ్ళరంగు తీసి, సీసా మీద 90 దగ్గర ఎర్రగీత గీసింది. మూడు చింతగింజలు చెల్లి చేతిలో పెట్టింది. "కాచి చల్లార్చిన నీళ్ళు ఈ గీత దాకా పొయ్యి. ఒక చెంచా పొడి వేసి ఒక గింజ కింద పెట్టు. చేతిలో గింజలైపోతే ఇంక చాలు తల్లీ" అంది. మా చెల్లికి లెక్క రాదు. అన్నాళ్ళూ పాలు పల్చగా కలిపిందని మాకెవరికీ తట్టలేదు.

కమిటీ ముందు చెల్లికి నోట మాట రాలేదు. కొంగుముడి విప్పి గింజలు బల్ల మీద పెట్టి, పాలు కలిపి చూపించింది. ఆ రోజు డ్యూటీ లేకపోయినా ఆయమ్మ బస్సెక్కి వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. "ఈ పిల్ల ఒక్కసారీ తప్పు కలపలేదమ్మా" అని చెప్పింది. నేను అక్కడే ఏడ్చేశాను. నీ ఉద్యోగానికి ఇబ్బందని పేరు రాయట్లేదు ఆయమ్మా.

అమ్మా, మా ఆయనా ఎలాగూ ఉన్నారు, వాళ్ళకి వేరే దండాలు చెప్పక్కర్లేదు.

కానీ ఒక బాధ ఉంది. మా గడప తొక్కకుండానే "తల్లిదండ్రులు పెంచలేరు" అని రిపోర్టు రాశారు. పింఛను కోసం కాళ్ళరిగేలా తిరిగి తెచ్చుకున్న సదరెం (వైకల్యం ఉందని ఇచ్చే) సర్టిఫికెట్టే దానికి సాక్ష్యమైంది. తల్లిదండ్రుల వైకల్యం కారణంగా బిడ్డని విడదీయకూడదని చెప్పే ఐక్యరాజ్యసమితి ఒప్పందానికి మన దేశం 2007లోనే ఒప్పుకుంది. 2015 బాలల న్యాయ చట్టం కూడా పిల్లల్ని సంస్థలో పెట్టడం ఆఖరి మార్గమనే అంటుంది. ఆ చింతగింజల ఉపాయం మొదటిరోజే ఎవరైనా చెప్పి ఉంటే, వాడు మా ఒళ్ళోనే ఉండేవాడు కదా!

అయ్యో, అర్జీ టైపు చేసి డబ్బులు వద్దన్న జిరాక్స్ షాపు అబ్బాయిని మర్చిపోయాను. వారం వారం వచ్చి బాబు బరువు చూస్తానన్న అంగన్‌వాడీ టీచర్ గారికీ, వరండాలో తన పెరుగన్నం మా చెల్లికి పెట్టిన పెద్దావిడకీ దండాలు. ఆవిడ ఊరు కూడా అడగలేదు నేను.