ఫైలు ఉండగా మళ్లీ స్కానింగ్ ఎందుకు?

సంపాదకుల వారికి,

నేను తెలుగు పండితుడిగా పనిచేసి రిటైరైనవాణ్ని. నాలుగేళ్లుగా చూపులేని విద్యార్థుల కోసం స్కాన్ చేసిన పుస్తకాలకు ప్రూఫులు దిద్దుతున్నాను. ఎర్రపెన్ను పట్టిన చెయ్యి ఊరుకోలేక మొదలుపెట్టిన పని, జీతం ఏమీ లేదు. ఇందులో సగం అసలు చేయాల్సిన అవసరమే లేని పని అని చెప్పడానికే ఈ లేఖ.

ముందు ఈ పని ఎలా ఉంటుందో చెప్పాలి. స్కాన్ చేసిన పేజీ అంటే ఒక ఫొటో. ఫోన్‌లోని టాక్‌బ్యాక్‌కు గానీ, కంప్యూటర్‌లోని ఎన్‌వీడీఏకు గానీ చదివి వినిపించాలంటే అక్షరాలు కావాలి. ఫొటోలోంచి అక్షరాలను పట్టుకునే సాఫ్ట్‌వేర్ పేరు ఓసీఆర్. ఇంగ్లిషు దానికి నల్లేరు మీద నడక. తెలుగు ఒత్తులు, గుడులు, తలకట్ల దగ్గరికి వచ్చేసరికి తడబడుతుంది. 'వ'కు 'ప' పడుతుంది, 'మ'కు 'య' పడుతుంది, 'ధ' కింది గీత రాలిపోయి 'ద' మిగులుతుంది. 'ఆమె వంట చేసింది' అన్నది 'ఆమె పంట చేసింది' అయి కూర్చుంటుంది. వంటా పంటా రెండూ మంచి తెలుగు మాటలే కాబట్టి స్పెల్ చెకర్‌కు కూడా అనుమానం రాదు. చూసి చదివేవాళ్లయితే అసలు పేజీ వైపు ఒకసారి చూసి సర్దుకుంటారు. విని చదివేవాళ్లకు ఆ వీలు లేదు.

మొదట్లో నేను కళ్లతోనే దిద్దేవాణ్ని. ఒకరోజు గ్రూప్-2కు చదువుతున్న ఒక కుర్రాడు ఫోన్ చేసి, "మాస్టారూ, ఈ పుస్తకం నిండా ఇన్ని సున్నాలేంటండీ?" అన్నాడు. నాకు అర్థం కాలేదు. ఫైలు తెరిచి చూస్తే అంతా శుభ్రంగానే ఉంది. ఫోన్‌తో చదివించి విన్నాను. 'అంటే' అన్న మాటను 'అ సున్నా టే' అని చదువుతోంది! పూర్ణానుస్వారం ఉండాల్సిన చోట తెలుగు అంకె సున్నా పడింది. చూడ్డానికి రెండూ ఒకటే, కంప్యూటర్‌కు మాత్రం రెండూ వేరు. ముప్ఫై ఏళ్లు తెలుగు చెప్పినవాణ్ని, ఆ రోజు నా శిష్యుడి వయసున్న కుర్రాడి దగ్గర పాఠం నేర్చుకున్నాను. అప్పటినుంచి ప్రతి పేజీనీ ఒకసారి చూసి, ఒకసారి వింటున్నాను.

ఇంకా చాలా ఉన్నాయి. 10 పైన చిన్నగా వేసిన 5 కిందికి దిగి 105 అయిపోతుంది. సైన్సు చదివేవాడికి లక్ష కాస్తా నూట అయిదు అయిందన్నమాట. ప్రతి పేజీ నెత్తిన ఉండే అధ్యాయం పేరు, పేజీ నంబరు వాక్యం మధ్యలో దూరతాయి. పట్టికల సంగతి చెప్పనే అక్కర్లేదు, అడ్డం వరసలూ నిలువు వరసలూ కలిసి కిచిడీ అవుతాయి. వీటితో గంటకు ఏడెనిమిది పేజీలు దాటవు. మూడు వందల పేజీల పుస్తకానికి నెలన్నర పడుతుంది.

పాత పుస్తకాలైతే ఈ కష్టం తప్పదు. సీసపు అక్షరాలు పేర్చి అచ్చువేసిన రోజుల పుస్తకాలకు కాగితం తప్ప ఏదీ మిగల్లేదు. అరసున్నలతో, బండి ఱలతో ఉన్న ఆ పేజీలు దిద్దడం నాకు సరదా కూడా. కానీ నేను ఎక్కువగా దిద్దేది ఈ పదేళ్లలో వచ్చిన పోటీ పరీక్షల పుస్తకాలు. వాటిని ఎవరో డీటీపీ ఆపరేటర్ కంప్యూటర్‌లో అక్షరం అక్షరం కొట్టాడు. ఫైలు ఉంది. అయితే మన ప్రచురణరంగంలో చాలామంది ఇప్పటికీ అను ఫాంట్లలోనే కంపోజ్ చేయిస్తారు. అవి యూనికోడ్ (ఏ కంప్యూటరైనా, ఫోనైనా ఒకేలా గుర్తుపట్టే అక్షరాల పద్ధతి) కావు. పైకి కనిపించేది తెలుగే, లోపల ఉండేవి వేరే గుర్తులు. ఆ పీడీఎఫ్‌లోంచి ఒక పేరా కాపీ చేస్తే పిచ్చిరాతలు వస్తాయి. అందుకని మేం పుస్తకం కొని, కుట్టు విప్పి, స్కాన్ చేసి, ఆ ఆపరేటర్ సరిగ్గా కొట్టినదాన్ని ఓసీఆర్‌తో చెడగొట్టించి, మళ్లీ దిద్దుకుంటున్నాం. అను నుంచి యూనికోడ్‌కు మార్చే సాఫ్ట్‌వేర్లు ఎప్పటినుంచో ఉన్నాయి. ఫైలు ఇస్తే నెలన్నర పని వారంలో తేలుతుంది.

చట్టం అడ్డు కాదు. 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించి, లాభాపేక్ష లేని సంస్థలు వికలాంగుల కోసం ఇలాంటి ప్రతులు తయారుచేసుకోవచ్చన్నారు. చూపులేనివాళ్లకు పుస్తకాలు అందేలా చేసే అంతర్జాతీయ మర్రాకేష్ ఒప్పందాన్ని 2014లో అన్ని దేశాలకన్నా ముందు ఆమోదించింది మనమే. 2016లో సుగమ్య పుస్తకాలయ అనే ఆన్‌లైన్ గ్రంథాలయం కూడా మొదలైంది. చూపులేనివాళ్లే కాదు, డిస్లెక్సియా ఉన్నవాళ్లూ, చేతులతో పుస్తకం పట్టుకోలేనివాళ్లూ ఈ వెసులుబాటు కిందికి వస్తారు. అయితే కాపీరైట్ చట్టం మమ్మల్ని ప్రతి చేసుకోనిస్తుందే గానీ, ప్రచురణకర్తను ఫైలు ఇచ్చి తీరమనదు.

ఒక ప్రచురణ సంస్థను అడిగాను. ఫైలు బయటికొస్తే పైరసీ అవుతుందన్నారు. ఆ భయం ఉత్తదని నేననను. కానీ అప్పటికే ఆ పుస్తకం స్కాన్ కాపీ టెలిగ్రాంలో తిరుగుతోంది. అది ఫొటోల పీడీఎఫ్ కాబట్టి కళ్లున్నవాళ్లందరికీ పనికొస్తోంది, మా కుర్రాడికి తప్ప.

రెండు ప్రభుత్వాలనూ నేను అడిగేది చిన్నది. పాఠ్యపుస్తకాలు, తెలుగు అకాడమీ పుస్తకాలు ప్రజల డబ్బుతో వచ్చేవి. వాటిని కంపోజింగ్‌కు ఇచ్చేటప్పుడే యూనికోడ్ ఫైలు కూడా అప్పగించాలని ఒప్పందంలో ఒక వాక్యం చేర్చాలి. ప్రైవేటు ప్రచురణకర్తలు ఫైలును గుర్తింపు ఉన్న గ్రంథాలయానికి తమ షరతుల మీదే ఇవ్వచ్చు.

పాత పుస్తకాలకు మాత్రం మనుషులు కావాలి. రచయిత పోయి 60 ఏళ్లు దాటిన పుస్తకాలను తెలుగు వికీసోర్స్ అనే ఉచిత ఆన్‌లైన్ గ్రంథాలయంలో ఎవరైనా పేజీల వారీగా దిద్దవచ్చు. ఒకరు దిద్దితే పేజీ పసుపు రంగులోకి వస్తుంది, ఇంకొకరు సరిచూస్తే ఆకుపచ్చ అవుతుంది. ఒకటే నియమం: పుస్తకంలో 'అర్థం'కు బదులు 'అర్ధం' అని ఉంటే అలాగే ఉంచాలి. నాబోటి పండితులకు ప్రాణం మీదికొచ్చే నియమం ఇదే!

ఆ కుర్రాడికి పరీక్ష ఫిబ్రవరిలో ఉంది. వాడు అడిగిన ఎకనామిక్స్ పుస్తకంలో నేను ఆరో అధ్యాయంలో ఉన్నాను. ఇంకా తొమ్మిది అధ్యాయాలూ, పట్టికలన్నీ మిగిలాయి.

- ఒక విశ్రాంత తెలుగు పండితుడు, తెనాలి