వంగే బ్యాటరీ వార్తల్లో తేమ ఊసేదీ?

సంపాదకులకు,

చొక్కాకు కుట్టుకునే బ్యాటరీ, మణికట్టుకు చుట్టుకునే బ్యాటరీ అంటూ విజ్ఞాన పేజీల్లో తరచూ వార్తలొస్తున్నాయి. ఎన్నిసార్లు వంచినా పనిచేసిందో రాస్తారు, ఎంత తేమలో పరీక్షించారో రాయరు. కోనసీమలోనో, కాకినాడ తీరంలోనో, భీమవరం రొయ్యల చెరువు గట్టునో వాడాలంటే ముందు అడగాల్సింది అదే.

మన కాలేజీ ప్రాజెక్టులకు అందుబాటులో ఉండేది పీవీఏ జెల్ సూపర్ కెపాసిటర్, అంటే బ్యాటరీలాగే విద్యుత్తును దాచుకునే పరికరం. 10 మి.లీ. డిస్టిల్డ్ వాటర్‌కు 1 గ్రాము పాలీవినైల్ ఆల్కహాల్ (పీవీఏ) పొడి. చన్నీళ్లలోనే కొద్దికొద్దిగా చల్లి, కలుపుతూ 85–90 డిగ్రీలకు వేడిచేయాలి. వేడినీళ్లలో ఒక్కసారిగా పోస్తే పైపొర బంకగా మారి, లోపల పొడి అలాగే ఉండిపోయి ఉండలు కడుతుంది. తేటపడ్డాక చల్లార్చి, 85 శాతం ఫాస్ఫారిక్ ఆమ్లం 0.6 మి.లీ. (సుమారు 1 గ్రాము) కలపాలి. బుడగలు పోయేందుకు రాత్రంతా మూతపెట్టి ఉంచాలి. రెండు కార్బన్ గుడ్డలకు పూసి, వేలికి అంటుకునేంత ఆరాక, నడుమ పలచని ఫిల్టర్ పేపరు పెట్టి అతికించాలి.

చిక్కంతా ఆ ఆరబెట్టడం దగ్గరే. ఫాస్ఫారిక్ ఆమ్లం గాలిలోని నీటిని లాగుతుంది. శ్రావణ భాద్రపదాల్లో జెల్ ఓ పట్టాన ఆరదు. నొక్కితే పక్కకు జారిపోతుంది, ఫిల్టర్ పేపరు లేకుంటే గుడ్డలు రెండూ తాకి షార్ట్ అవుతుంది. రోహిణి కార్తె వడగాడ్పుకు అదే జెల్ నీరు పోయి బిర్రబిగుస్తుంది, లోపలి నిరోధం పెరుగుతుంది. ఎండిపోకూడదని కొందరు ఆమ్లం బదులు లిథియం క్లోరైడ్ వేస్తారు. గాలిలో తేమ 11–12 శాతం దాటితే చాలు, ఆ ఉప్పు నీరు పీల్చి కరిగిపోతుంది. పొడిగాలి ప్రాంతాల్లో బాగుంటుందేమో గానీ, మన ముసురు రోజుల్లో జెల్ జావైపోతుంది.

పైన సిలికాన్ రబ్బరు పోశాం కదా అని ధీమా వద్దు. అది నీటి చుక్కను ఆపుతుంది, ఆవిరిని ఆపదు. పీఈటీ (నీళ్ల సీసాల ప్లాస్టిక్) షీటు కాస్త నయం. గట్టిగా ఆపేది నడుమ అల్యూమినియం రేకున్న పౌచ్ ఫిల్మ్. దాన్నీ మడిచేశారంటే రేకుకు సన్నని చిల్లులు పడతాయి. మందాన్ని వంపు వ్యాసంతో భాగిస్తే బయటి పొర ఎంత సాగుతుందో ఇంచుమించుగా తెలుస్తుంది: 0.4 మి.మీ. మందాన్ని 20 మి.మీ. గొట్టానికి చుడితే 2 శాతం. అంచులు కనీసం 5 మి.మీ. వెడల్పున వేడితో అతకాలి. కనెక్షన్లు బయటికొచ్చే చోట రాగి, అల్యూమినియం పెడితే ఆమ్లం తినేస్తుంది. గ్రాఫైట్ రేకు వాడాలి. ఒంటికి తగిలే వస్తువైతే మరీ జాగ్రత్త, కారేది ఆమ్లం.

పరీక్షకు ఖరీదైన ఛాంబర్ అక్కర్లేదు. మూత బిగుతుగా ఉండే డబ్బాలో, మామూలు ఉప్పును కరగకుండా కొంత మిగిలేలా తడిపి పెడితే లోపలి తేమ 75 శాతం దగ్గర నిలుస్తుంది. పొటాషియం క్లోరైడ్‌తో అయితే 84. (ఎరువుల కొట్టు పొటాష్‌లో మామూలు ఉప్పూ కలిసి ఉంటుంది కాబట్టి ల్యాబ్ రకమే మేలు.) సెల్‌ను ఉప్పుకు తగలకుండా వేలాడదీసి రోజూ మిల్లీగ్రాముల్లో తూచాలి. బరువు పెరుగుతోందంటే తేమ లోపలికి పోతున్నట్టే. వంచి చూడటం ఆ తర్వాత. లేకపోతే తేమ చేసిన చెరుపు వంపు ఖాతాలో పడుతుంది.

ఎర్ర ఎల్ఈడీ వెలిగిన ఫొటో చూసి మురిసిపోవడమూ తగ్గాలి. 1 ఫారడ్ (ఛార్జ్ దాచే సామర్థ్యానికి కొలత) సెల్‌ను 0.8 వోల్టులకు ఛార్జ్ చేస్తే అందులో ఉండేది 0.32 జౌళ్లు. కారు తాళంలో వేసే 2032 బటన్ సెల్‌లో దాదాపు 2,400. పోనీ వోల్టేజీ పెంచుదామంటే, 1.23 వోల్టులు దాటాక జెల్‌లోని నీరు విడిపోయే ప్రమాదం ఉంది.

ఇకపై ఇలాంటి వార్త వేసేటప్పుడు వంపుల లెక్కతో పాటు పరీక్షించిన తేమ, సీలు రకం, కవరుతో సహా మొత్తం సెల్ బరువుకు ఎంత శక్తి అన్న మూడు వివరాలూ రాబట్టి వేయాలని కోరుతున్నాం.

— రసాయనశాస్త్ర అధ్యాపకులు, అమలాపురం