బాల్కనీ సంగతి తర్వాత

చి.ల.సౌ. అమ్ములుకు,
హైదరాబాద్ నుంచి అమ్మ ఆశీస్సులు.

మీ అత్తగారినీ మామగారినీ ముంబయి నుంచి క్రూజ్‌కి పంపుతున్నామని, బాల్కనీ గది దొరికిందని రాశావు. బాల్కనీ సంగతి తర్వాత. ఆ గది ఎన్నో డెక్కులో ఉంది, ఓడకి ముందువైపా, మధ్యనా? అలలు పెద్దవైతే ముందు కొస, పై అంతస్తులు ఎక్కువ ఊగుతాయి. నడిమిన, కింది డెక్కుల్లో తక్కువ. ఓడకి రెక్కల్లా ఉండే స్టెబిలైజర్లు పక్కలకి ఒరగడాన్ని తగ్గిస్తాయి గానీ ముందూ వెనకా లేచిపడటాన్ని ఆపలేవు. పైగా పెద్ద ఓడలు మూడొందల మీటర్ల పొడవుంటాయి. గది ఈ కొసన, భోజనాల హాలు ఆ కొసన అయితే వదినగారి మోకాళ్లు రెండోపూటకే మొరాయిస్తాయి. లిఫ్టుకి దగ్గరగా, దాన్ని ఆనుకుని కాకుండా అడగండి. నెత్తిమీద బఫే హాలు లేకుండా చూడండి, తెల్లారకముందే కుర్చీలు ఈడుస్తారు.

అసలు భయం బాత్‌రూమ్ దగ్గర. మామూలు గదుల్లో దానికి ఎత్తు గడప ఉంటుంది. రాత్రి నిద్రమత్తులో కాలు తగిలేది దానికే. బ్యాటరీతో వెలిగే చిన్న దీపం ఒకటి పంపు. గడప లేకుండా, పట్టుకోవడానికి కమ్ములున్న గదులు ప్రతి ఓడలో కొన్నే ఉంటాయి, త్వరగా అయిపోతాయి. ఏజెంటు తనంతట తాను చెప్పడు, నువ్వే అడగాలి. జెట్ స్ప్రే ఉంటుందని అనుకోవద్దు, ఒక ప్లాస్టిక్ మగ్గు పెట్టెలో పడెయ్. టాయిలెట్ వాక్యూమ్‌తో లాగుతుంది, చప్పుడుకి అదిరిపడొద్దని ముందే చెప్పు. వాళ్లిచ్చిన పేపర్ తప్ప తడి టిష్యూలాంటివి వేస్తే పైపు మూసుకుపోతుంది, ఆ వరసలో మిగతా గదులవాళ్లకీ ఇబ్బందే.

అన్నయ్యగారి ఇన్సులిన్ గదిలోని ఫ్రిజ్‌లో పెట్టి నిశ్చింతగా ఉండకండి. చాలా ఓడల్లో అది కూల్‌డ్రింకులు చల్లబరిచే పెట్టె మాత్రమే, ఇన్సులిన్‌కి కావలసిన 2 నుంచి 8 డిగ్రీలు నిలకడగా ఉండవు. మందులకి పనికొచ్చే ఫ్రిజ్, వాడేసిన సూదులు వేసే డబ్బా కావాలని బుకింగ్ అప్పుడే రాసి పంపండి. రేవులో పెద్ద పెట్టెలు తీసుకుంటారు, అవి గదికి చేరేసరికి సాయంత్రమవుతుంది. అందుకని మందులన్నీ చేతిసంచిలోనే. డాక్టరుగారి చీటీలో బ్రాండు కాదు, మందు అసలు పేరు ఉండాలి.

కడుపులో తిప్పకుండా వేసుకునే మందు వాంతి మొదలయ్యాక మింగితే నిలవదు, ముందే వేసుకోవాలి. కానీ వాటిలో చాలావరకు మత్తు తెస్తాయి. కొన్ని ప్రొస్టేట్ ఇబ్బంది ఉన్నవాళ్లకి మూత్రం బిగబట్టేలా చేస్తాయి. ఏది పడుతుందో ఇక్కడే డాక్టర్ని అడగండి. ఓడలో డాక్టరు ఉంటారు, కానీ ఫీజు గది ఖాతాలో పడుతుంది. మన ఆరోగ్యబీమా క్యాష్‌లెస్ కార్డు అక్కడ చెల్లదు. బిల్లులు తెచ్చుకుని క్లెయిమ్ చేసుకోవడమే. సముద్రం మీంచి ఒడ్డుకి తరలించే ఖర్చు కూడా పాలసీలో ఉందో లేదో చూడు, భారీగా పడేది అదే. వాంతులు, విరేచనాలు తెచ్చే నోరోవైరస్‌కి శానిటైజర్ అంతగా పనిచేయదు, సబ్బూ నీళ్లే దిక్కు.

కెటిల్, రైస్ కుక్కర్, ఇస్త్రీపెట్టె ఎక్కేటప్పుడు స్కానింగ్‌లో తీసేసుకుంటారు, నిప్పు భయం. వదినగారి ఆవకాయ జాడీ కూడా ఆపేయొచ్చు; సీలు తియ్యని ప్యాకెట్లకి అంత పేచీ ఉండదు. శాకాహారం విషయం ప్రతి రాత్రీ హెడ్ వెయిటర్‌కి మర్నాటి కోసం చెప్పి పెట్టుకుంటే విడిగా వండి తెస్తారు. బీపీ ఉన్నవాళ్లు సూపుల ఉప్పుతో జాగ్రత్త, కాళ్లు వాస్తాయి.

మొదటిరోజు అత్యవసర డ్రిల్ ఎగ్గొట్టకూడదు. ఏడు పొట్టి కూతలు, ఒక పొడుగు కూత వినిపిస్తే తాము చేరాల్సిన చోటు ఎక్కడో వాళ్లిద్దరూ చూసిరావాలి. 2012లో కోస్టా కాంకోర్డియా అనే క్రూజ్ ఓడ మునిగినప్పుడు, ఆ రోజే ఎక్కిన చాలామందికి డ్రిల్ కాలేదు. ఇప్పుడు ఓడ కదిలేలోపు, లేదా కదిలిన వెంటనే జరిపి తీరాలి.

రేవుల్లో దిగినప్పుడు ఫోను ఆ ఊరి టైముకి మారిపోతుంది, ఓడ మాత్రం తన టైము ప్రకారమే బయల్దేరుతుంది. అన్నయ్యగారి చేతిగడియారాన్ని ఓడ టైముకి పెట్టమను. సముద్రంలో ఉన్నంతసేపూ ఫోను ఫ్లైట్ మోడ్‌లో ఉండాలి, లేకపోతే ఓడ టవర్ పట్టుకుని బిల్లు వాచిపోతుంది. చిన్న పడవలోకి దిగాల్సిన రేవులుంటే వదినగారు ఓడలోనే ఉండటం మేలు. అలకి పడవ పైకీ కిందకీ లేస్తుంటే అడుగు వెయ్యడం కష్టం.

ఒకరోజు ముందే ముంబయి చేరుకోవాలి. ఓడ ఎవరికోసమూ ఆగదు. రైలైతే సీఎస్‌ఎంటీ స్టేషన్ నుంచి ఓడ ఎక్కే బల్లార్డ్ పియర్ దగ్గరే. ఇక చివరి రాత్రి పెట్టెలు గుమ్మం బయట పెట్టమంటారు. మర్నాటి బట్టలు, చెప్పులు, పళ్లసెట్టు, పొద్దుటి మందులు వాటిలో సర్దెయ్యకుండా చూసుకోమను.

గది నంబరు రాగానే డెక్కు ప్లాన్‌తో సహా నాకు పంపు. డబ్బు కట్టకముందే.

అల్లుడుగారికి ఆశీస్సులు.

అమ్మ