బుజ్జిగాడి పొక్కుల సంగతి

చి. ల. సౌ. లలితను అమ్మ దీవించి రాయునది.

ఇక్కడ అంతా క్షేమం. మాగాయ ఎండింది. డాబా కారడం ఆగింది. నువ్వు ఫోనెత్తడం లేదు, పనుల్లో ఉన్నావేమోలే.

బుజ్జిగాడికి అమ్మవారు పోసిందనీ, మీ అత్తగారు స్నానం మాన్పించారనీ సీత పిన్ని చెప్పి, ఫొటో చూపించింది. ఆటలమ్మలా లేదే! అదైతే పొట్టా వీపూ నిండా నీటిపొక్కులు. కొన్ని పుడుతుంటే కొన్ని చెక్కు కడుతుంటాయి. వీడికి బుగ్గలు, మోచేతులు, మోకాళ్లు, పిర్రల మీద రెండువైపులా ఒకేలా, గట్టిగా, పెసరగింజంత ఉన్నాయి. పొట్ట నున్నగా ఉంది. నాకు జియనోటి క్రోస్టి సిండ్రోమ్ అనిపిస్తోంది. పిల్లల డాక్టరు చూసి తేల్చాలి. మిలాన్‌లో జియనోటి అనే చర్మవైద్యుడు 1955లో దీని గురించి రాశాడు. ఏదో వైరస్ వచ్చినప్పుడు ఒళ్లు దానికి తిరగబడే తీరు ఇలా చర్మం మీద తేలుతుంది. మొదట్లో కాలేయాన్ని దెబ్బతీసే హెపటైటిస్ బి వైరస్‌తో ముడిపెట్టేవారు. ఇప్పుడు ఎక్కువగా ఎప్‌స్టీన్ బార్ వైరస్‌తో చూస్తున్నారు. అయినా వాడి టీకా కార్డు తీసి చూడు: హెపటైటిస్ బి పుట్టిన 24 గంటల్లో, తర్వాత ఐదు జబ్బులకి కలిపి వేసే పెంటావాలెంట్ టీకాలో 6, 10, 14 వారాలకి పడ్డాయా?

ట్యూబులేవీ రాయకు. పెద్దత్త మనవడు చిన్నూ సంగతి తెలుసుగా? వాడికీ ఇలాగే పొక్కులొస్తే మందుల షాపులో తామరకిచ్చే ట్యూబు అంటగట్టారు. స్టెరాయిడూ, యాంటీబయాటిక్కూ, ఫంగస్ మందూ కలిపినది. రెండ్రోజులకి ఎరుపు తగ్గేసరికి మంత్రంలా పనిచేసిందనుకున్నారు. మానితే తిరగబెట్టింది. మళ్లీ రాశారు. పెద్దత్త తిరుపతికి జుట్టు మొక్కేసింది, పెద్దమామ షాపు మీదికి గొడవకెళ్లాడు. పొక్కులు వాటి గడువుకి అవే పోయాయి గానీ, బుగ్గ చర్మం పల్చబడి ఎర్రటి సన్న నరాలు తేలాయి.

పొక్కులు పది రోజులకి తక్కువ ఉండవు. మామూలుగా రెండు నుంచి నాలుగు వారాలు, ఒక్కోసారి ఎనిమిది. రోజూ గోరువెచ్చటి నీళ్లతో పది నిమిషాల్లో స్నానం ముగించి, రుద్దకుండా అద్ది, కాలమైన్ లోషన్ పట్టించు. గోళ్లు కత్తిరించు, గోకితే చీము పడుతుంది. వేపమండలు గుమ్మానికి ఉండనీ, మీ అత్తగారితో వాదించకు, స్నానం మాత్రం మాన్పించొద్దు.

కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా, నోట్లో, కళ్లలో పుండ్లు లేచినా, మచ్చ మీద గాజుగ్లాసు పెట్టి నొక్కితే ఎరుపు మాయం కాకపోయినా ఆ రోజే ఆస్పత్రికి తీసుకెళ్లు. దురదకి సెటిరిజిన్ డాక్టరునడిగే వెయ్యి, డోసు బరువును బట్టి ఉంటుంది. బుజ్జిగాడిప్పుడు ఎన్ని కిలోలు? అన్నం సరిగా తింటున్నాడా, నువ్వు తింటున్నావా? సీత పిన్ని చేత కాదు, నువ్వే చెప్పు.

అమ్మ