ఎక్కువమంది ఉన్న జాతిని ఎగతాళి చేస్తే

మారతహళ్ళి, బెంగళూరు

ప్రియ మిత్రమా,

నీ ఉత్తరం అందింది. చెన్నైలో మీరందరూ క్షేమంగా ఉన్నారని చదివి సంతోషించాను. అయితే చివర నువ్వు రాసిన రెండు మాటల దగ్గరే నా మనసు ఆగిపోయింది. తెల్లవాడిని తెల్లవాడని తిడితే జాత్యహంకారం కాదని మా ఆఫీసు కుర్రాళ్ళు వాదించారని నేను చెబితే, "తిట్టు ఎవరు తిట్టినా తిట్టే, ఇందులో ఆలోచించడానికి ఏముంది" అని తేల్చేశావు. ఆలోచించడానికి చాలా ఉందని నా నమ్మకం. ఫోనులో తేలే సంగతి కాదు కనుక తీరికగా రాస్తున్నాను.

మా దగ్గర వాదన మొదలైంది శామ్ కెర్ కేసుతో. ఆమె ఆస్ట్రేలియా మహిళల ఫుట్‌బాల్ జట్టు కెప్టెన్. తండ్రి కలకత్తాలో పుట్టినవాడు, ఆంగ్లో ఇండియన్ మూలాలున్న కుటుంబం. 2023 జనవరిలో ఒక రాత్రి లండన్‌లో సహచరితో కలిసి ట్యాక్సీలో వెళుతూ ఆమె వాంతి చేసుకున్నది. శుభ్రం చేయించే ఖర్చు దగ్గర డ్రైవరుతో గొడవ ముదిరింది, కారు అద్దం పగిలింది, అతను వాళ్ళను నేరుగా ట్వికెన్‌హామ్ పోలీస్ స్టేషనుకు తీసుకువెళ్ళాడు. డ్రైవరు తమను ఎత్తుకుపోతున్నాడని ప్రాణభయంతో వణికిపోయామని వాళ్ళిద్దరూ చెప్పారు. పోలీసు అధికారి తమ మాట నమ్మడం లేదన్న కోపంలో, ఒక బూతుమాట కలిపి, నువ్వు తెలివితక్కువవాడివి, తెల్లవాడివి అని ఆమె అతన్ని అన్నది. ఇంత మాటకే జాతి కారణంగా వేధించారన్న నేరం మోపి, క్రౌన్ కోర్టు దాకా లాగారు. ప్రాసిక్యూషన్ వారు మొదట కేసు పెట్టడానికి ఆధారాలు చాలవన్నారు, ఆ మాటల వల్ల తాను బాధపడ్డానని అధికారి మరో వాంగ్మూలం ఇచ్చిన తరువాతే అభియోగం మోపారు. 2025 ఫిబ్రవరి 11న జ్యూరీ, అంటే తీర్పు చెప్పడానికి కూర్చోబెట్టిన సామాన్య పౌరుల బృందం, ఆమెను నిర్దోషి అన్నది. ఈ ఆరోపణ రావడానికి ఆమె ప్రవర్తన కూడా చాలావరకు కారణమని న్యాయమూర్తి వ్యాఖ్యానించాడు.

జ్యూరీ తన నిర్ణయానికి కారణాలు చెప్పదు కనుక ఈ తీర్పును ఎవరికి కావలసినట్టు వాళ్ళు చదువుకున్నారు. తెల్లవాళ్ళను అంటే జాత్యహంకారం కాదని కోర్టే ఒప్పుకున్నదని మా టీములో ఒక కుర్రాడు అన్నాడు. అది నిజం కాదు. ఆమె మీద కేసు పెట్టిన 1998 నాటి బ్రిటిష్ చట్టంలో జాతి అంటే రంగు, జాతీయత, పుట్టుక మూలాలు అన్న నిర్వచనమే ఉంది గానీ, అల్పసంఖ్యాకులకు మాత్రమే రక్షణ అన్న మాట ఎక్కడా లేదు. 1965లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన జాతి వివక్ష నిర్మూలన ఒడంబడికలోనూ లేదు. అమెరికాలో అయితే ఇంకా ముందుకు వెళ్ళారు. రవాణా సంస్థలో సరుకు దొంగిలించారన్న ఆరోపణ మీద ఇద్దరు తెల్ల ఉద్యోగులను తీసేసి, అదే ఆరోపణ ఉన్న నల్లజాతి ఉద్యోగిని ఉంచుకున్న కేసులో, ఉద్యోగాల్లో వివక్షను నిషేధించే చట్టం తెల్లవాళ్ళకూ వర్తిస్తుందని 1976లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పు రాసింది థర్గుడ్ మార్షల్. ఆ కోర్టులో కూర్చున్న తొలి నల్లజాతి న్యాయమూర్తి, నల్లవాళ్ళ హక్కుల కోసం జీవితమంతా పోరాడినవాడు. ఆ తీర్పు రాసినది ఆయనే కావడం నాకు చాలా గౌరవం కలిగించే విషయం.

ఇంతవరకూ చదివి, నేను చెప్పిందీ ఇదే కదా అని నువ్వు అనుకుంటావు. కాస్త ఆగు. ఎదుటిపక్షం వాదనను నువ్వు పూర్తిగా వినలేదు.

1967లో అమెరికా నల్లజాతి నాయకుడు స్టోక్లీ కార్మైకేల్, రాజనీతి పండితుడు చార్లెస్ హామిల్టన్ తమ పుస్తకంలో ఒక పోలిక చూపించారు. అమెరికాలోని బర్మింగ్‌హామ్ నగరంలో తెల్లజాతి ఉగ్రవాదులు చర్చి మీద బాంబు వేసి నల్లజాతి పిల్లలను చంపితే అందరూ ఖండిస్తారు. అదే నగరంలో సరైన తిండి, ఇల్లు, వైద్యం దొరకక ఏటా నల్లజాతి పసిపిల్లలు చనిపోతూ ఉంటే దాన్ని ఎవరూ జాత్యహంకారం అనరు, ఎందుకంటే అక్కడ బాంబు వేసిన చేయి కనబడదు. వ్యవస్థలో ఇంకిపోయిన జాత్యహంకారం అన్న ఆలోచన అక్కడ బలంగా ముందుకు వచ్చింది. 1970లో ప్యాట్రీషియా బిడోల్ అన్న అమెరికన్ విద్యావేత్త దాన్ని సూత్రంగా కుదించింది: దురభిప్రాయానికి వ్యవస్థ ఇచ్చే అధికారం తోడైతేనే అది జాత్యహంకారం. అధికారం లేనివాడికి దురభిప్రాయం ఉండవచ్చు, దాన్ని జాత్యహంకారం అనకూడదు. మా కుర్రాళ్ళు చెప్పేది ఇదే. వాళ్ళు న్యాయం తెలియనివాళ్ళు కాదు, చరిత్ర చదివి ఆ మాట అంటున్నారు.

ఈ వాదన కోర్టు గదిలోకీ వచ్చింది. ఆస్ట్రేలియాలో ఒక జైలు అధికారి, తనను ఒక ఆదివాసీ మహిళ తెల్లవాడినని బూతులు తిట్టిందని జాతి వివక్ష చట్టం కింద ఫిర్యాదు చేశాడు. 2003లో కోర్టు దాన్ని ఒప్పుకోలేదు. తెల్లవాళ్ళు ఆస్ట్రేలియాలో చారిత్రకంగా, సాంస్కృతికంగా ఆధిపత్యంలో ఉన్నవాళ్ళే గానీ హక్కులు కోల్పోయే ప్రమాదంలో ఉన్న సమూహం కాదనీ, అక్కడ తెల్లవాడు అన్న మాట తనంతట తానుగా తిట్టు కాదనీ చెప్పింది. ఆ అధికారి చేతిలో జైలు తాళాలు ఉన్నాయి, ఆమె చేతిలో నోరు తప్ప ఏమీ లేదు. నేను ఆ కుర్చీలో ఉన్నా అదే చెప్పేవాడిని.

నేను విభేదించేది ఎక్కడంటే, ఈ అధికారాన్ని కొలిచే పద్ధతి దగ్గర. మా వాళ్ళు జనాభా లెక్క చూసి తూకం వేస్తున్నారు: ఎక్కువమంది ఉన్నవాళ్ళను అంటే తప్పు లేదు, తక్కువమంది ఉన్నవాళ్ళను అంటే తప్పు. ఈ లెక్కను దక్షిణాఫ్రికాకు పట్టుకెళ్ళి చూడు. అక్కడ ఐదుగురిలో నలుగురు నల్లజాతివాళ్ళు. 2016లో ఒక తెల్లజాతి మహిళ, సముద్రతీరానికి వచ్చిన నల్లవాళ్ళను కోతులతో పోల్చి రాస్తే, సమానత్వ న్యాయస్థానం 1,50,000 రాండ్లు చెల్లించమన్నది. జనాభా లెక్క ప్రకారం ఆమె అధిక సంఖ్యాకులను ఎగతాళి చేసింది! అది జాత్యహంకారం కాదనే ధైర్యం మా కుర్రాళ్ళలో ఒక్కడికీ లేదు. సంఖ్య వేరు, బలం వేరు అని వాళ్ళు అక్కడ వెంటనే ఒప్పుకున్నారు. ఒప్పుకున్నాక బెంగళూరులో మాత్రం ఎందుకు మరచిపోవాలి?

కర్ణాటకలో కన్నడిగులే అధిక సంఖ్యాకులు, ప్రభుత్వం వాళ్ళది, పోలీస్ స్టేషనులో నడిచే భాష వాళ్ళది. ఈ నగరంలో మాత్రం 2011 జనాభా లెక్కల ప్రకారమే కన్నడం మాతృభాషగా ఉన్నవాళ్ళు సగం కన్నా తక్కువ. మా అపార్ట్‌మెంటు గేటు దగ్గర నిలబడే సెక్యూరిటీ మనిషి రాయచూరు వైపు నుంచి వచ్చినవాడు. అతనికి హిందీ సరిగా రాదు. పార్సిల్ తెచ్చినవాడితోనో, ఇంటికి వచ్చిన చుట్టంతోనో అతను తడబడినప్పుడు మన తెలుగు ఇంజనీర్లు, ఉత్తరాది ఇంజనీర్లు కలిసి నవ్వుతారు. ఈ లోకల్ వాళ్ళు ఇంతే, పని చేతకాదు గానీ భాషాభిమానం మాత్రం ఉంటుంది, అంటారు. అడిగితే, మేము బయటివాళ్ళం, వాళ్ళ రాష్ట్రంలో వాళ్ళను ఒక మాట అంటే వాళ్ళకు పోయేదేముంది, అంటారు. పోయేది అతని ఉద్యోగం. అసోసియేషన్‌కు ఒక్క ఫిర్యాదు వెళితే మర్నాడు ఆ గేటు దగ్గర ఇంకొకడు ఉంటాడు. విధానసౌధలో కూర్చున్నవాళ్ళకూ అతనికీ భాష ఒకటే కావచ్చు, వాళ్ళ అధికారంలో చిటికెడు కూడా అతని దాకా రాదు.

నన్ను అన్నిటికన్నా కలవరపెట్టేది ఇదే. అధిక సంఖ్యాకుల మీద, ఆధిపత్యంలో ఉన్నవాళ్ళ మీద విసిరిన వెటకారం, వాళ్ళలో నిజంగా అధికారం ఉన్నవాడికి చేరనే చేరదు. చేతికి అందేంత దగ్గరలో, తిరిగి అనలేని స్థితిలో ఉన్నవాడికి తగులుతుంది. మన చెన్నై బంధువుల పెళ్ళిళ్ళు గుర్తు తెచ్చుకో. అరవవాళ్ళ మీద, సాంబారు మీద ఎన్ని జోకులు వేస్తారు! ఊళ్ళో మనం తక్కువమందిమి కనుక అవి కడుపు మంటతో వేసే అమాయకపు జోకులని మన పెద్దలు సమర్థించుకుంటారు. ఆ జోకు వినేది తమిళనాడును ఏలేవాళ్ళు కాదు, అదే ఇంట్లో అంట్లు తోముతున్న తమిళ అమ్మ.

అలాగని "తిట్టు ఎవరు తిట్టినా తిట్టే" అన్న నీ మాటనూ నేను ఒప్పుకోను. నిన్ను చెన్నైలో ఎవరో, తెలుగువాళ్ళను వెక్కిరించే మాటతో, గొల్టి అంటే నువ్వు నవ్వి ఊరుకుంటావు, సొంత ఇల్లుంది, ఉద్యోగముంది. చెన్నై వీధులు ఊడ్చే పారిశుద్ధ్య కార్మికుల్లో తెలుగు మాట్లాడే దళితులు ఎందరో ఉన్నారని నీకు తెలుసు. అదే మాట మేస్త్రీ వాళ్ళను అంటే, దాని వెనక కులం ఉంది, కాంట్రాక్టు ఉంది, రేపు పని ఉంటుందో లేదో అన్న భయం ఉంది. అక్షరాలు అవే, బరువు వేరు. ఒక వెక్కిరింత తరువాత ఏం జరగగలదు అన్నదే దాని బరువు. 2012 ఆగస్టులో బెంగళూరులో దాడులు జరగబోతున్నాయన్న వదంతులకే ఈశాన్య రాష్ట్రాల వాళ్ళు వేలమంది గౌహతి రైళ్ళు ఎక్కారు. ఏళ్ళ తరబడి కళ్ళ గురించి, ముఖం గురించి వెక్కిరింతలు పడినవాళ్ళు కాబట్టి ఆ వదంతిని నమ్మడానికి వాళ్ళకు రుజువులు అక్కరలేకపోయింది. లండన్‌లో ఆ పోలీసు అధికారికి కెర్ అన్న మాట వల్ల అలాంటి భయమేదీ లేదు. ఊరు వదిలిపోవలసిన పని లేదు, తన తెల్లతనం వల్ల రేపు ఇల్లు అద్దెకు దొరకదన్న దిగులు లేదు.

మన దేశంలో ఈ తేడాను చట్టమే గుర్తించింది. 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం ప్రకారం, నలుగురిలో కులం పేరుతో అవమానించడం నేరం కావాలంటే అవమానించినవాడు ఆ వర్గాలకు బయటివాడై ఉండాలి. ఆ చట్టానికి ఒకే దిశ ఉంది. పక్షపాతమని మన చుట్టాల్లో గొణిగేవాళ్ళున్నారు. ఒక వైపు నుంచి మాత్రమే వేల ఏళ్ళుగా జరిగిన అన్యాయానికి రెండు వైపులా సమానంగా చట్టం చేయడంలో న్యాయం లేదని నేను వాళ్ళ ముఖం మీదే చెబుతాను. అయితే ఆ చట్టం ఉన్నంత మాత్రాన మిగతావాళ్ళను పుట్టుక పేరుతో అవమానించవచ్చని ఎవరూ అనలేదు. భారతీయ న్యాయ సంహితలోని 196వ సెక్షన్ మతం, జాతి, భాష, కులం పేరుతో వర్గాల మధ్య ద్వేషం రెచ్చగొట్టే ఎవరికైనా వర్తిస్తుంది, సంఖ్యతో నిమిత్తం లేదు. ఒకటి అందరికీ ఉన్న గోడ, రెండోది ఎక్కువ దెబ్బలు తిన్నవాళ్ళకు కట్టిన అదనపు గోడ.

కాబట్టి నా మాట ఇది. మనిషిని అతని పుట్టుక పట్టుకుని వెక్కిరించడం జాతి దూషణే, ఆ మనిషి తెల్లవాడైనా, కన్నడిగుడైనా, తమిళుడైనా. దానికి వేరే పేరు పెట్టి శుద్ధి చేయనక్కరలేదు. అయితే అన్ని దూషణలకూ ఒకే శిక్ష, ఒకే ఆగ్రహం అంటే అది కూడా అన్యాయం. కెర్ అన్న మాట తప్పు, దానికి క్రిమినల్ కేసు ఇంకా పెద్ద తప్పు. తనకు దక్కని అధికారాన్ని తలచుకుని అర్ధరాత్రి భయంలో అన్న మాటకు మందలింపు చాలు. ఈ రెండూ ఒకే మనిషి ఒకేసారి నమ్మడం మా కుర్రాళ్ళకు వింతగా ఉంది, నీకూ ఉంటుందేమో.

మా ఆఫీసులో ఉద్యోగుల ప్రవర్తనా నియమాలను తిరగరాస్తున్నారు, సీనియర్లను అభిప్రాయం అడిగారు. పుట్టుక ఆధారంగా ఎవరినీ, ఏ వర్గంవాళ్ళనైనా, కించపరచకూడదని మొదటి వాక్యంలో రాయమన్నాను. ఫిర్యాదు వచ్చినప్పుడు మాత్రం ఆ మాట అన్నవాడికి విన్నవాడి జీతం మీద, ప్రమోషన్ మీద, ఉద్యోగం మీద ఎంత పట్టు ఉందో చూసి చర్య తీసుకోవాలని రెండో వాక్యం చేర్చాను. హౌస్‌కీపింగ్ వాళ్ళు, సెక్యూరిటీ వాళ్ళు, క్యాబ్ డ్రైవర్లు కాంట్రాక్టు మనుషులు కనుక నియమాలు వాళ్ళకు వర్తించవని అంటున్నారు. ఈ ఒక్క విషయంలో నేను వెనక్కి తగ్గదలచుకోలేదు, ఎందుకంటే ఆఫీసులో లోకల్ వాళ్ళ మీద వేసే ప్రతి జోకునూ వినేది వాళ్ళే. వచ్చే వారం సమావేశం ఉంది. రెండో వాక్యం పక్షపాతానికి దారి తీస్తుందని నువ్వు అంటావని నాకు తెలుసు. ఎక్కడ, ఎలా తీస్తుందో ఒక ఉదాహరణతో రాయి, సమావేశానికి ముందే అందితే నాకు పనికి వస్తుంది. వదినగారికి నమస్కారాలు, పిల్లలకు ఆశీస్సులు.

ఇట్లు,
నీ మిత్రుడు