పాడినవారి పేరు చెప్పండి

సంపాదకులకు నమస్కారం.

ఆకాశవాణిలో పాట వేసే ముందు సినిమా పేరు, రాసినవారు, స్వరపరచినవారు, పాడినవారు, అన్నీ వరుసగా చెప్పేవారు. ఆ ప్రకటనలు విని విని, అక్షరం రాని మా అమ్మమ్మ కూడా పల్లవి మొదలవగానే అది ఎవరి గొంతో చెప్పేసేది. ఇప్పుడు గుంటూరులో ఏ ఆటో ఎక్కినా ప్రైవేటు ఎఫ్.ఎం. మోగుతూనే ఉంటుంది. పాటకూ పాటకూ నడుమ బోలెడన్ని కబుర్లు చెబుతారు గానీ, పాడినది ఎవరో మాత్రం చాలాసార్లు చెప్పరు. ఫోన్లలో తిరిగే జానపద పాటల విషయంలో జరుగుతున్నది ఇంతకంటే అన్యాయం. దీని గురించి మీకు రాయాలని ఎన్నాళ్ళుగానో అనుకుంటున్నాను. చివరికి నా చేత కలం పట్టించింది 1966లో అమెరికాలో వచ్చిన ఒక ప్రేమపాట.

నేను ప్రభుత్వ ఆసుపత్రుల్లో ముప్పై ఏళ్ళకు పైగా స్టాఫ్ నర్సుగా పనిచేసి పదవీ విరమణ చేశాను. మా అబ్బాయి కుటుంబం అలబామా రాష్ట్రంలోని హంట్స్‌విల్‌లో ఉంటుంది. అక్కడికి వెళ్ళినప్పుడు, హెలెన్ కెల్లర్ పుట్టిన ఇల్లు దగ్గరలోనే ఉందని తెలిసి చూపించమని అడిగాను. ఆమె కథను బడిలో పాఠంగా చదువుకున్నదాన్ని. ఆ ఇల్లు టస్కంబియా అనే ఊళ్ళో ఉంది. దానికి ఆనుకుని షెఫీల్డ్, మజిల్ షోల్స్, టెనెసీ నదికి ఆవలి ఒడ్డున ఫ్లోరెన్స్. నాలుగూ కలిపినా మన తెనాలి అంత ఉండవు. తిరుగు ప్రయాణంలో మా కోడలు "అత్తయ్యా, ఈ ఊళ్ళో పుట్టిన పాట వినండి" అని కారులో ఒక పాట పెట్టింది.

ముందు ఆర్గన్ నెమ్మదిగా వినిపించింది. మా చర్చిలో ప్రభురాత్రి భోజనం వేళ హార్మోనియం అలాగే పలుకుతుంది. ఏదో ఆరాధన గీతం కాబోలనుకున్నాను. ఇంతలో ఒక మగగొంతు, ఏడుపును గొంతులోనే ఆపుకున్నట్లు, పైస్థాయిలో అందుకుంది. అది పెర్సీ స్లెడ్జ్ పాడిన మొట్టమొదటి రికార్డు, 'వెన్ ఎ మ్యాన్ లవ్స్ ఎ వుమన్'. సోల్ అనే ఈ గానపద్ధతి అమెరికా నల్లజాతివారి చర్చి పాటల నుంచే వచ్చిందని కోడలు చెప్పింది. దేవుణ్ణి పిలవడానికి నేర్చిన గొంతుతో మనిషిని పిలుస్తారన్నమాట. మాటలు నాకు సగమే అర్థమయ్యాయి. ఇంటికి వెళ్ళాక చదివించుకుని విన్నాను. ప్రేమలో ఉన్న సంబరం అందులో ఎక్కడా లేదు. ప్రేమించినవాడికి ఆమెలో తప్పు కనబడదు, చేతిలో ఉన్న చివరి పైసా కూడా ఖర్చు చేస్తాడు, ప్రాణస్నేహితుణ్ణయినా వదులుకుంటాడు, ఆమె చెబితే వానలో పడుకుంటాడు. అంత నిస్సహాయతను మగవాడు నలుగురి ముందు ఒప్పుకోవడం నన్ను కదిలించింది.

పెర్సీ స్లెడ్జ్ 1940లో ఆ పక్కనే ఉన్న లైటన్‌లో పుట్టాడు. పొలం పనులు చేశాడు. తర్వాత కోల్బర్ట్ కౌంటీ ఆసుపత్రిలో ఆర్డర్లీగా చేరాడు. మన ఆసుపత్రుల్లో ఎం.ఎన్.ఓ. అంటామే, ఆ పని. రోగులను తరలించడం, పక్కలు మార్చడం, పిలిస్తే పలకడం. శని, ఆదివారాల్లో ఎస్క్వయర్స్ కాంబో అనే బృందంతో కలిసి ఊరూరా తిరిగి పాడేవాడు. షెఫీల్డ్‌లో రికార్డుల దుకాణం నడుపుతూ, రేడియోలో వ్యాఖ్యాతగా కూడా చేసిన క్విన్ ఐవీ అనే ఆయనకు పెర్సీని పరిచయం చేసినది, ఆ ఆసుపత్రిలో ఒకప్పుడు చికిత్స పొందిన రోగి అని చదివి నేను కాసేపు పుస్తకం పక్కన పెట్టేశాను. వార్డులో ఎవరి గొంతు వింటే రోగి కుదుటపడతాడో నాకు తెలుసు. ఆ గొంతు చాలాసార్లు డాక్టరుది కాదు, మా నర్సులదీ కాదు.

ఐవీ సొంత స్టూడియో నొరాలాలో 1966 మొదట్లో ఆ పాట రికార్డయింది. ఆర్గన్ మీద స్పూనర్ ఓల్డమ్, డ్రమ్స్ మీద రోజర్ హాకిన్స్, గిటారు మీద మార్లిన్ గ్రీన్. వాయించిన వీరంతా తెల్లవారు, పాడినవాడు నల్లవాడు. ఓటు హక్కు కోసం సెల్మా వంతెన మీద నడిచిన నల్లవారిని పోలీసులు లాఠీలతో కొట్టింది అంతకు ఏడాది ముందే, అదే అలబామాలో. ఈ సంగతి తెలిశాక ఆ పాటను మళ్ళీ విన్నాను. అట్లాంటిక్ రికార్డ్స్ తరఫున పాటను తీసుకున్న జెర్రీ వెక్స్‌లర్‌కు బూరలు శ్రుతి తప్పాయనిపించి, వాటిని మళ్ళీ వాయించమన్నాడట. వాయించారు కూడా. కానీ టేపులు తారుమారై పాతదే విడుదలైందని అక్కడివారు ఈనాటికీ చెప్పుకుంటారు. శ్రుతి తప్పిన ఆ బూరలతోనే పాట 1966 మే 28న అమెరికా పాప్ జాబితాలో మొదటి స్థానానికి చేరి రెండు వారాలు నిలిచింది. ఆ నాలుగు ఊళ్ళలో రికార్డయి ఆ స్థానం అందుకున్న మొదటి పాట అదే. బ్రిటన్‌లో నాలుగో స్థానం. భారీ అమ్మకాలకు గుర్తుగా ఇచ్చే గోల్డ్ రికార్డును అట్లాంటిక్ కంపెనీకి తొలిసారి తెచ్చినదీ అదే. మరుసటి ఏడాది జనవరిలో వెక్స్‌లర్ గాయని అరీతా ఫ్రాంక్లిన్‌ను వెంటబెట్టుకుని పాటలు రికార్డు చేయడానికి మజిల్ షోల్స్ వచ్చాడు.

నన్ను బాధపెట్టినది ఇక ముందు చెప్పబోయేది. ఆ పాటకు రచయితలుగా కాగితాల మీద ఉన్నవి కాల్విన్ లూయిస్, ఆండ్రూ రైట్ అనే ఇద్దరి పేర్లు. పెర్సీ పాడే ఎస్క్వయర్స్ బృందంలో వీరిలో ఒకరు బేస్ గిటారు, ఒకరు ఆర్గన్ వాయించేవారు. తనను విడిచి వెళ్ళిన అమ్మాయిని తలుచుకుని ఆ రాగం తానే అల్లానని, స్నేహితులు సాయం చేశారు కనుక రచయితల హక్కు మొత్తం వారికే ఇచ్చేశానని, అది పొరపాటని పెర్సీ తరువాతి కాలంలో చెప్పుకున్నాడు. ఆ ఇద్దరినీ తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. వాళ్ళ శ్రమ వాళ్ళది, వాళ్ళ హక్కు చట్టబద్ధమైనది. నా బాధంతా అమెరికా చట్టం గురించి. అక్కడ మామూలు రేడియోలో పాట వేస్తే రచయితకూ ప్రచురణకర్తకూ డబ్బు వెళుతుంది, పాడినవారికి ఒక్క సెంటు కూడా రాదు. రికార్డుల అమ్మకం మీద వచ్చే వాటా వేరే సంగతి. 1987లో బ్రిటన్‌లో ఒక జీన్స్ ప్రకటనలో ఈ పాట వాడితే అక్కడ రెండో స్థానం దాకా వెళ్ళింది. 1991లో మైకేల్ బోల్టన్ పాడితే అమెరికాలో మళ్ళీ మొదటి స్థానం, గ్రామీ బహుమతి. ఇన్నేళ్ళలో అమెరికా రేడియోలు ఆ పాటను ఎన్నిసార్లు వేసినా, వేసినందుకు ఆ గొంతుకు దక్కినది లేదు.

1995లో చట్టం మార్చి ఇంటర్నెట్ వంటి డిజిటల్ ప్రసారాలకు మాత్రం వాటా పెట్టారు. అందులో ముఖ్య గాయకుడికి 45 శాతం. కానీ 1972 ఫిబ్రవరికి ముందు రికార్డయిన పాటలకు ఆ వాటా ఇవ్వడం 2018లో గానీ తప్పనిసరి కాలేదు. పెర్సీ స్లెడ్జ్ 2015 ఏప్రిల్ 14న కన్నుమూశాడు.

ఇదంతా మనకెందుకు అనవచ్చు. మన చట్టం ఈ విషయంలో అమెరికా కంటే మేలైనది, అందుకే రాస్తున్నాను. కాపీరైటు చట్టానికి 1994లో చేసిన సవరణతో ప్రదర్శకుల హక్కు వచ్చింది. గాయకులు, వాద్యకారులే కాదు, గారడీవారు, పాములాడించేవారు కూడా ఆ చట్టం దృష్టిలో ప్రదర్శకులే. 2012 సవరణ ఇంకా ముందుకు వెళ్ళింది. ప్రదర్శనను వ్యాపారానికి వాడుకుంటే రాయల్టీ ఇవ్వాలంది. ఈ ప్రదర్శన నాది అని చెప్పుకునే హక్కు కూడా ప్రదర్శకుడికి ఉందంది. ప్రదర్శకుల హక్కు 50 ఏళ్ళు ఉంటుంది. పాటకు తరతరాల వయసున్నా, అది ఊరందరిదీ అయినా, ఫలానా రోజున ఫలానా మనిషి పాడినది ఆ మనిషిదే.

మా ప్రసూతి వార్డులో ఒక ఎఫ్.ఎన్.ఓ., అంటే మహిళా ఆర్డర్లీ, ఉండేది. రాత్రి డ్యూటీలో బాలింతల దగ్గర కూర్చుని నాట్ల పాటలు, జోల పాటలు పాడేది. ఆమె పాడుతుంటే ఏడుస్తున్న పసివాళ్ళు ఊరుకోవడం నా కళ్ళారా చూశాను. ఒకసారి ఎవరో వచ్చి ఫోనులో రికార్డు చేసుకుని వెళ్ళారు. కొన్ని నెలలకు ఆ పాట వెనుక వాయిద్యాలు చేర్చుకుని ఒక ఛానల్లో వచ్చింది. లక్షల మంది విన్నారు. పాట కింద 'జానపదం' అని ఒక మాట, ఛానల్ పేరు, సంగీతం సమకూర్చినవారి పేరు ఉన్నాయి. ఆమె పేరు లేదు. నేనే నా ఫోనులో పెట్టి వినిపించాను. ముందు సంతోషపడింది, తన గొంతేనని చుట్టుపక్కల వాళ్ళందరినీ పిలిచి చూపించింది. ఆ తరువాత నెమ్మదిగా "నా పేరు రాయలేదా సిస్టర్?" అని అడిగింది. డబ్బు సంగతి ఎత్తలేదు. ఛానల్ వారికి రాద్దామంటే, వద్దులే అంది. అప్పటికి నాకు ఈ చట్టం తెలియదు. తెలిసి ఉంటే ఆ మాట విని ఊరుకునేదాన్ని కాదు.

గాయకులు ఒకసారి పారితోషికం తీసుకున్నాక మళ్ళీ ఏమిటి అని వాదించేవారున్నారు. పాట ఒక్కసారి మోగి ఆగిపోతే ఆ వాదన సరే. మోగిన ప్రతిసారీ ఎవరో సంపాదిస్తున్నప్పుడు, పాడిన మనిషికి కూలి ఇచ్చి పంపేశాం అనడం న్యాయం కాదు. పల్లె గాయకుల విషయంలో చాలాసార్లు ఆ కూలి కూడా ఉండదు.

పాట వేసేటప్పుడు పాడినవారి పేరు చెప్పడానికి ఎఫ్.ఎం. కేంద్రాలకు ఐదు సెకన్లు చాలు. ఆకాశవాణి దశాబ్దాలుగా చేస్తున్నదే కదా. జానపదాలు సేకరించి ప్రసారం చేసే ఛానళ్ళవారు పాట ఏ ఊరిదో, పాడినది ఎవరో పాట కిందనే రాయాలి, అంతకుముందు వారి అనుమతి తీసుకోవాలి. రెండు రాష్ట్రాల భాషా సాంస్కృతిక శాఖలు పల్లె కళాకారులకు కార్యక్రమాలు ఏర్పాటు చేస్తున్నాయి, శాలువాలు కప్పుతున్నాయి, మంచిదే. ఆ వేదిక మీదనే, ఏ కాగితం మీద సంతకం చేస్తే ఏ హక్కు పోతుందో, ఏది పోదో తెలుగులో అచ్చువేసిన ఒక చిన్న పత్రం వారి చేతికివ్వాలని కోరుతున్నాను. చదవలేనివారికి ఎవరైనా కూర్చుని చదివి చెప్పాలి.

మీ పత్రికకు కూడా ఒక మనవి. సినిమా పేజీలో కొత్త పాట విడుదలైందని వార్త వేస్తారు. హీరో, దర్శకుడు, నిర్మాత పేర్లు ఉంటాయి, పాడినవారి పేరు కొన్నిసార్లు ఉండదు. వచ్చే వారం నుంచి ఆ పేరు కూడా వేయగలరా?

ఇట్లు,
విశ్రాంత స్టాఫ్ నర్సు,
గుంటూరు