ఆ ప్రశ్నార్థకం చెరిపెయ్యి తల్లీ

సూళ్లూరుపేట

చిట్టితల్లికి, అమ్మ ఆశీస్సులు.

నువ్వు పంపిన రెండు ఉద్యోగ ప్రకటనలూ చదివాను. ఒకటి జర్మనీలో జూనియర్ డిజైనర్, మూడేళ్ల అనుభవం అడిగారు. రెండోది తమిళనాడులో చెయ్యార్ దగ్గర బూట్ల ఫ్యాక్టరీలో ప్రొడక్ట్ డెవలపర్, అంటే గీసిన బొమ్మను కుట్టగలిగే బూటుగా మార్చే పని. మొదటిదాని కింద గీత గీశావు, రెండోదాని పక్కన ప్రశ్నార్థకం పెట్టావు. నాలుగేళ్లు ఎఫ్‌డీడీఐ అనే పాదరక్షల సంస్థలో బూట్ల డిజైను చదివి మళ్లీ ఫ్యాక్టరీకేనా అని ఫోనులో అడిగావు. ఆ మాటకు నాకు కోపం రాలేదు. కానీ నువ్వు చిన్నచూపు చూస్తున్న ఉద్యోగమే నీకు సరైనదని నా గట్టి నమ్మకం. ఎందుకో నిదానంగా రాస్తున్నాను, నిదానంగా చదువు.

పెద్ద కంపెనీల ప్రధాన కార్యాలయాలు ఇప్పుడు మనుషులను తగ్గించుకుంటున్నాయి. నైకీ 2024 ఫిబ్రవరిలో సిబ్బందిలో దాదాపు 2 శాతం, అంటే 1,600 మందికి పైగా తీసేస్తామంది. అడిడాస్ 2025 జనవరిలో జర్మనీలోని తన హెర్జోగెనౌరాక్ ప్రధాన కార్యాలయంలో 500 ఉద్యోగాల దాకా పోవచ్చని చెప్పింది. అదే ఊళ్లోని ప్యూమా ఆ ఏడాది మొదట 500 అంది, తర్వాత 2026 చివరికల్లా మరో 900 అంది. పోయినవాళ్లందరూ డిజైనర్లు కారు. కానీ అనుభవమున్నవాళ్లే పని వెతుక్కుంటుంటే నీలాంటి కొత్తవాళ్ల వంతు రావడానికి సమయం పడుతుంది. వీసాల సంగతి నీకే బాగా తెలుసు. అమెరికా 2025లో కొత్త హెచ్1బీ ఉద్యోగ వీసాకు లక్ష డాలర్ల రుసుము పెట్టింది, బ్రిటన్ నైపుణ్య వీసాకు మామూలు జీతం హద్దును 41,700 పౌండ్లకు పెంచింది. కొత్త డిజైనర్‌కు అంత జీతం ఎవరిస్తారు? జర్మనీ కాస్త నయం, అక్కడ చదువుకున్నవాళ్లకు పని వెతుక్కోవడానికి 18 నెలలు గడువిస్తుంది. ఆ దారి మూసుకుపోలేదు, రెండేళ్ల తర్వాత కూడా ఉంటుంది.

మరి పని ఎటు పోతోంది? బూటు తయారయ్యే చోటికి. 2024 ఆర్థిక సంవత్సరంలో నైకీ బూట్లలో సగం వియత్నాంలోనే తయారయ్యాయి. ఇప్పుడు తైవాన్ కంపెనీలు మన పక్కనే తమిళనాడులో పెట్టుబడులు పెడుతున్నాయి. చెయ్యార్‌లో ఫెంగ్ టే ఎప్పటినుంచో ఉంది, పనపాక్కానికి హాంగ్ ఫు వస్తోంది. మన మాంబట్టులో అడిడాస్ బూట్లు కుట్టడం నువ్వు చిన్నప్పటినుంచీ చూస్తున్నదే. కుట్టే చోట శాంపిల్ రూము, అంటే ముందుగా నమూనా బూటు చేసి చూసే గది ఉండాలి, శాంపిల్ రూములో డిజైను అర్థమైన మనిషి ఉండాలి.

నేను ఫ్యాక్టరీ పనిలో రోజూ చూసేది చెబుతాను. టెక్ ప్యాక్, అంటే బూటు బొమ్మ, కొలతలు ఉన్న కాగితాల కట్ట వస్తుంది, బొమ్మ ముచ్చటగా ఉంటుంది. అప్పర్ మీద, అంటే బూటు పైభాగం మీద, అందంగా ఒక కుట్టు వరస, సరిగ్గా కాలివేళ్లు వంగే చోట. కంప్యూటర్‌లో ఆ బూటు వంగదు కాబట్టి గీసినవాళ్లకు తెలియలేదు. మేము కుట్టి, లాస్ట్ అనే కాలి ఆకారపు అచ్చు మీదికి ఎక్కించి, సోలు అతికించి, వంచే యంత్రంలో పెడతాం. దారం తెగుతుంది, అంచు లేస్తుంది. అప్పుడు డెవలపర్ వచ్చి ఆ వరసను నాలుగైదు మిల్లీమీటర్లు వెనక్కి జరుపుతుంది. బూటు అందం చెడదు, దారం తెగదు. ఆ నాలుగైదు మిల్లీమీటర్లు ఎక్కడ జరపాలో తెలియడమే డిజైను అని నేనంటాను. ఆ పని చేసే అమ్మాయిని చూసినప్పుడల్లా నువ్వే గుర్తొస్తావు.

ఇప్పుడు నాలుగు మాటలు చెబితే కంప్యూటరే బూటు బొమ్మలు కుప్పలుగా గీసి ఇస్తోంది. వాటిలో ఏది కుట్టగలం, ఏది ధరలో పడుతుంది, ఏది నెల తిరక్కుండా విడిపోతుంది అని చెప్పే మనిషికి విలువ పెరుగుతుంది. నువ్వు నేర్చుకున్న రైనో త్రీడీ సాఫ్ట్‌వేర్ వదలకు. నిఫ్ట్‌లో ఫ్యాషన్ చదువుతున్న నీ స్నేహితురాలికి కూడా చెప్పు, బట్టల వైపు క్లో, బ్రౌజ్‌వేర్ లాంటి త్రీడీ సాఫ్ట్‌వేర్లు వచ్చి ఉండాలి. ఆమెకు మన దేశంలోనే బోలెడు చోట్లున్నాయి, జూడియో నడిపే ట్రెంట్, మింత్రా సొంత బ్రాండ్లు చూడమను.

ఇంకో సంగతి, ఇది ముఖ్యం. అమ్ముడుపోని బట్టలు, బూట్లు పెద్ద కంపెనీలు ధ్వంసం చేయకూడదన్న యూరప్ నిబంధనకు 2026 జులై 19 తేదీ పెట్టారు. వస్తువు మన్నాలి, బాగుచేసుకునేలా ఉండాలి, చివరికి మళ్లీ పనికి రావాలి అన్నది ఆ చట్టం ఉద్దేశం. బూటుతో చిక్కంతా జిగురు దగ్గరే. ప్రైమర్ పూసి, జిగురు రాసి, వేడి చేసి, ప్రెస్‌లో అదిమితే మెత్తటి ఫోమ్, రబ్బరు, గుడ్డ అన్నీ ఒక్కటైపోతాయి. ఊడకూడదని మేమే పరీక్ష పెడతాం. ఊడని బూటును విడదీసి మళ్లీ వాడేదెలా? 2019లో అడిడాస్ ఫ్యూచర్‌క్రాఫ్ట్ లూప్ అని జిగురు లేకుండా, మొత్తం ఒకే పదార్థంతో బూటు చేసి చూపించింది. ఆ దారిలో ఆలోచించాలంటే ముందు జిగురు ఎలా పనిచేస్తుందో చేత్తో తెలియాలి. అది ఫ్యాక్టరీలోనే తెలుస్తుంది.

డ్వేన్ ఎడ్వర్డ్స్ అనే ఆయన సంగతి వినే ఉంటావు. 19 ఏళ్ల వయసులో ఎల్ఏ గేర్ కంపెనీలో తాత్కాలికంగా ఫైళ్లు సర్దే పనిలో చేరాడు. అక్కడ సలహాల పెట్టె ఉంటే రోజూ అందులో ఒక బూటు బొమ్మ వేసేవాడు. నెలల తరబడి వేశాక యజమాని పిలిచి డిజైనర్ పని ఇచ్చాడు. తర్వాత నైకీవాళ్ల జోర్డాన్ బూట్లు డిజైను చేశాడు, పెన్సోల్ అనే బూట్ల డిజైను బడి పెట్టాడు. లోపలికి వెళ్లింది ఫైళ్ల పనికే, కానీ గీయడం మానలేదు.

నువ్వూ మానకు. పోర్ట్‌ఫోలియోలో తుది బొమ్మలే కాకుండా, ఊడిపోయిన శాంపిల్ ఫొటో, దాన్ని సరిచేసిన తీరు పక్కపక్కన పెట్టు. చెయ్యార్ ఇంటర్వ్యూలో మూడు విషయాలు తప్పక అడుగు: శాంపిల్ రూములో ఎన్నాళ్లు ఉంచుతారు, త్రీడీ సాఫ్ట్‌వేర్ నా చేతికిస్తారా, బ్రాండు డిజైనర్లతో నేనే మాట్లాడతానా. మూడింటికీ సరైన జవాబు రాకపోతే మాత్రం వద్దు, నేనే వద్దంటాను. హాస్టల్ సంగతి, జీతం కాగితం మీద ఏం రాశారన్నది మీ నాన్న చూస్తారు. ఆదివారంలోగా దరఖాస్తు పంపి ఫోను చెయ్యి.

మీ అమ్మ